ముక్క పోతే బండి పోయినట్టే!

* పాత కార్ల పునరుద్ధరణలో విడిభాగాలే అసలు చిక్కు
* తుక్కుతో పాటు కరిగిపోతున్న నమూనాలు
* ఆటోనగర్ల చేతిపని నిలిస్తేనే ఫలితం

విజయవాడ: ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన పాత కారు ఎందుకు కదలడం లేదని అడిగితే యజమాని నోట సాధారణంగా వచ్చే సమాధానం ఒక్కటే.. ‘ముక్క దొరకలేదు’. ఇంజన్ బాగానే ఉంటుంది. ఛాసిస్ దృఢంగానే ఉంటుంది. కార్బ్యురేటరులో అరచేతిలో ఇమిడే పోత భాగమొకటి చిట్లిపోయి ఉంటుంది. లేదంటే గేరుపెట్టెలో ఒక పళ్లచక్రం అరిగిపోయి ఉంటుంది. లక్షలు పోసి రంగు వేయించినా, సీట్లు కొత్తగా కుట్టించినా ఆ ఒక్క ముక్క లేనిదే బండి అడుగు ముందుకు వేయదు.

పాత కార్లను పూర్వస్థితికి తేవడమంటే రంగులు, మెరుగులు అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి అందులో అధిక భాగం విడిభాగాల వేటే. ఎక్కడో ఒకచోట దొరికించుకోవాలి, దొరకనప్పుడు చేయించుకోవాలి. లేత్ మిషన్లకు, పోత కొలిమిలకు మన జిల్లాల్లో కొదవ లేదు. ఏ కొలతలతో, ఏ లోహంతో చేయాలో చెప్పే నమూనాకే కొరత ఏర్పడింది. విరిగిన ముక్క చేతిలో ఉంటే దానిని చూసి మరొకటి చేయవచ్చు. అది పాత ఇనుము కొట్టుకు చేరి కరిగిపోతే ఎంతటి పనివాడైనా చేయగలిగింది స్వల్పమే. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే బాగుచేయదగిన బండ్లు సైతం తుక్కుగా మారుతున్నాయి.

నిన్నటి టాక్సీ.. నేటి వింటేజ్

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు ఈ కోవలోకి వస్తాయి. కొత్తగా నమోదుకు రూ.20 వేలు, తిరిగి నమోదుకు రూ.5 వేలు రుసుముగా నిర్ణయించారు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తరువాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఈ వాహనాలను రోజువారీ రాకపోకలకు గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి.

బ్రిటిష్ సంప్రదాయంలో ‘వింటేజ్’ అంటే 1919 నుంచి 1930 వరకు తయారైన కార్లే. మన నిబంధనల్లో గీత ఏటా ముందుకు జరుగుతుంది. 1975లో తొలిసారి రిజిస్టరైన కారుకు 2025తో యాభై ఏళ్లు నిండాయి. అంటే ఒకప్పుడు రాజుల కోటలకు, జమీందారుల దివాణాలకు పరిమితమైన వింటేజ్ అన్న మాట ఇప్పుడు మధ్యతరగతి ఇంటి ముంగిట నిలిచిన అంబాసిడర్‌కు, ఫియట్‌కు, జీపుకు కూడా వర్తిస్తోంది. తాత కొన్న కారును బాగుచేయించుకోవాలన్న కోరిక సామాన్యుడికి కూడా అందుబాటులోకి వచ్చిందన్నమాట.

అయితే నిబంధనల్లో ఒక కీలకమైన షరతు ఉంది. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో మార్పులు చేసి ఉండకూడదు. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్లు బిగించుకున్న పాత అంబాసిడర్లు, జీపులు మన ప్రాంతంలో కోకొల్లలు. అలాంటి బండికి వింటేజ్ హోదా కావాలంటే ముందుగా దాని అసలు ఇంజన్ రకాన్ని వెతికి తేవాల్సిందే. విడిభాగాల వేట అక్కడి నుంచే మొదలవుతుంది.

అన్ని పాత కార్లూ ఒకటి కావు

కారు ఎంత పాతదన్న దాని కన్నా, దాని తోబుట్టువులు ఎన్ని మిగిలాయన్నదే విడిభాగాల లభ్యతను నిర్ణయిస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 మే నెల వరకు ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్లను తయారుచేసింది. దాదాపు ఆరు దశాబ్దాల ఉత్పత్తి కనుక బాడీ రేకులు, సస్పెన్షన్ భాగాలు, తలుపులు నేటికీ ఏదో ఒక కొట్టులో కనిపిస్తాయి. దీని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌లో ‘బి సిరీస్’గా పేరొందిన కుటుంబానికి చెందినది. ఎంజీఏ, ఎంజీబీ వంటి స్పోర్ట్స్ కార్లలోనూ అదే కుటుంబపు ఇంజన్లు ఉండటంతో కొన్ని భాగాలను విదేశాల్లో ఇప్పటికీ తయారుచేస్తున్నారు. అయితే 1959కి ముందు వచ్చిన తొలి అంబాసిడర్లలో పక్క వాల్వుల పాత ఇంజన్ ఉండేది. ఆ బండి యజమానికి తరువాతి తరం ఇంజన్ సామాన్లు అక్కరకు రావు.

మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన హెరాల్డ్ కథ మరో విధంగా ఉంటుంది. దీని మూలం బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్. కనుక ఇంజన్, స్టీరింగ్ భాగాలకు అక్కడి సరఫరాదారులు ఆధారం. కానీ నాలుగు తలుపుల హెరాల్డ్ భారత్‌లోనే తయారైంది. దాని వెనుక తలుపు కోసం బ్రిటన్‌లో వెతికినా ప్రయోజనం ఉండదు. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిదీ దాదాపు ఇదే స్థితి. ఇటలీలో ఆ మోడల్ ముగిసిపోయాక కూడా దశాబ్దాల పాటు ఇక్కడే ఉత్పత్తి సాగింది. కాబట్టి సామాను దొరికితే ఇక్కడే దొరకాలి.

1940కి ముందటి కార్ల సమస్య ఇంకా జటిలం. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వంటి కంపెనీలు ఛాసిస్‌ను, ఇంజన్‌ను మాత్రమే అమ్మేవి. బాడీని వేరే సంస్థ కట్టేది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులను ఆకర్షిస్తున్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ బాడీని లండన్‌లోని బార్కర్ సంస్థ రూపొందించింది. మద్రాసులోని సింప్సన్ సంస్థ కూడా గుర్రపు బగ్గీల కాలం నుంచే బాడీలు కట్టడంలో పేరుపొందింది. చేతితో కట్టిన ఇలాంటి బాడీల్లో ఒకదాని తలుపు మరొకదానికి అమరదు. కంపెనీ పార్టుల పుస్తకంలో ఇంజన్ బోల్టు నంబరు ఉంటుంది గానీ తలుపు పిడి నంబరు ఉండదు. అది పోతే నూటికి నూరుపాళ్లు చేయించుకోవాల్సిందే.

వేట ఎక్కడ?

చెన్నైలోని పుదుపేట, కోల్‌కతాలోని మల్లిక్ బజార్, ఢిల్లీలోని మాయాపురి పాత సామాన్లకు పేరుమోసిన విపణులు. ఇక్కడ బండ్లను విప్పి ఇంజన్లు, గేరుపెట్టెలు, లైట్లు, డైనమోలు వేరుచేసి అమ్ముతారు. ఏ పార్టు ఏ మోడల్‌కు సరిపోతుందో కాగితం చూడకుండా చెప్పగల పాత వ్యాపారులు ఈ వీధులకు ప్రాణం. అయితే వీరి దుకాణాల్లోనూ సరుకు మారిపోతోంది. అమ్ముడుపోని 1960ల నాటి సామాను స్థానంలో నేటి కార్ల సామాను చేరుతోంది. చోటు కోసం తీసేసిన పాత సరుకు కిలోల లెక్కన ఇనుముగా వెళ్లిపోతోంది.

ఈ వీధులకు మరో ముఖం కూడా ఉంది. మీరట్‌లోని సోతీగంజ్ ఒకప్పుడు పాత విడిభాగాలకు దేశమంతటా తెలిసిన చోటు. దొంగిలించిన వాహనాలను విప్పి అమ్ముతున్నారన్న ఆరోపణలపై 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారును మూయించారు. ఇంజన్ గానీ, ఛాసిస్ గానీ కొనేవారు నంబరు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకుని, రశీదు తీసుకోకపోతే రిజిస్ట్రేషన్ వేళ చిక్కుల్లో పడతారు. చవకగా వచ్చిందన్న సంబరం ఆనక కేసుగా మారే ప్రమాదం ఉంది.

విదేశాల్లో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ ఒక్కో మోడల్‌కు ఒక్కో యజమానుల సంఘం ఉంటుంది. ఒక భాగం పది మందికి అవసరమైతే సంఘమే ముందుకొచ్చి ఒకేసారి వంద చేయిస్తుంది. అచ్చు ఖర్చు పదిమందిపై పడుతుంది గనుక ధర అదుపులో ఉంటుంది. మన దగ్గర ప్రతి యజమానీ ఒంటరిగా వెతుకుతాడు, ఒంటరిగా చేయించుకుంటాడు. ఒకే ముక్కకు విశాఖలో ఒకరు, గుంటూరులో మరొకరు విడివిడిగా నమూనాలు చెక్కించుకున్నా ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

మర చుట్టులోనే మర్మం

పాత కారులో చిన్న బోల్టు కూడా చరిత్ర చెబుతుంది. పూర్వపు బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్ పద్ధతి మరలు ఉండేవి. వీటి మర కోణం 55 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు ఉమ్మడిగా అంగీకరించిన యూనిఫైడ్ మరలకు, నేటి మెట్రిక్ మరలకు ఆ కోణం 60 డిగ్రీలు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు ఉంటే, అదే మందం యూనిఫైడ్ ముతక మరకు 13 చుట్లు. చూపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. నట్టు రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే ఇంజన్ బ్లాకులోని అసలు మరే చెడిపోతుంది.

మోరిస్ కంపెనీ ఇంజన్ల సంగతి మరీ వింత. ఫ్రెంచి మూలాలున్న హాచ్‌కిస్ ఇంజన్ కర్మాగారాన్ని 1923లో మోరిస్ సొంతం చేసుకుంది. అక్కడి యంత్రాలు మెట్రిక్ మరలు కోసేవి. బ్రిటిష్ మెకానిక్‌ల పానాలు సరిపోయేలా బోల్టు తలలను మాత్రం విట్‌వర్త్ కొలతలో ఉంచారు. తల ఒక దేశానిది, మర మరో దేశానిది అన్నమాట. హిందుస్థాన్ 10 కారుకు మాతృక అయిన మోరిస్ టెన్‌లోనూ ఈ పద్ధతే సాగింది. తలను చూసి మరను ఊహించిన మెకానిక్ ఇక్కడ మోసపోతాడు. పిచ్ గేజి పెట్టి చూడకుండా ట్యాప్ దింపితే నష్టపోయేది కారు యజమానే.

అచ్చంగా నకలు తీస్తే చిన్నదవుతుంది

పోత భాగాల తయారీలో అనుభవం లేనివారు చేసే పొరపాటు మరొకటి ఉంది. విరిగిన ముక్కను అతికించి, దానినే ఇసుకలో అద్ది పోత పోస్తే అదే కొలతకు కొత్తది వస్తుందని భావిస్తారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పోత ఇనుము అడుగుకు సుమారు ఎనిమిదో వంతు అంగుళం తగ్గుతుంది. అల్యూమినియం అంతకన్నా కాస్త ఎక్కువే తగ్గుతుంది. అడుగున్నర పొడవుండే ఎగ్జాస్టు మానిఫోల్డును ఇలా నకలు తీస్తే బోల్టు రంధ్రాలు బ్లాకుపై రంధ్రాలకు కలవవు. అందుకే ప్యాటర్న్ వడ్రంగి కొంచెం పెద్ద కొలతలు గల ప్రత్యేకమైన స్కేలుతో చెక్క నమూనా చేస్తాడు. లేత్‌పై చెక్కాల్సిన ముఖాల వద్ద అదనపు మందం వదులుతాడు. లోపలి బోలు కోసం ఇసుక కోరు పెట్టెను వేరుగా తయారుచేస్తాడు. ఇంత చేస్తే తప్ప ఒక మానిఫోల్డు పుట్టదు.

1930కి ముందు, ఆ దశకం తొలి ఏళ్లలో వాడిన జింకు మిశ్రమ పోతలది తీరని వ్యాధి. జింకులో సీసం వంటి మలినాలు కలిస్తే కాలక్రమంలో లోహం ఉబ్బి, పగుళ్లిచ్చి చివరకు బిస్కెట్టులా విరిగిపోతుంది. కార్బ్యురేటర్లు, తలుపు పిడులు, డాష్‌బోర్డు అలంకరణలు ఇలా పోయినవే. వీటిని అతకడం సాధ్యం కాదు. మరింత చెడిపోకముందే కొలతలు తీసి ఇత్తడితోనో, అల్యూమినియంతోనో కొత్తవి చేయించడమే మార్గం.

చిన్న, సొగసైన భాగాలకు మైనపు పోత ఉత్తమం. మైనంతో నమూనా చేసి, చుట్టూ మట్టి పూత పూసి, మైనాన్ని కరిగించి తీసి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు తరతరాలుగా ఆచరిస్తున్న సూత్రం ఇదే. ఇత్తడి రేకును కొట్టి రూపమివ్వడంలో జనగామ జిల్లా పెంబర్తి కళాకారులకు పేరుంది. తొలినాళ్ల కార్లకు ఉండే ఇత్తడి దీపపు గుండ్లు, హారన్ గొట్టాలు కూడా రేకును కొట్టి చేసినవే. ఈ రెండు విద్యలను పాత కార్ల అవసరాలతో అనుసంధానిస్తే చేతివృత్తులకు కొత్త పని దొరికే అవకాశం ఉంది.

ఆటోనగరే ఆధారం

విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు లారీల బాడీలు కట్టడంలో, ఇంజన్ పనుల్లో ఉన్న ప్రఖ్యాతి అందరికీ తెలిసిందే. బోరు కొట్టడం, స్లీవులు వేయడం, క్రాంకు గ్రైండింగు, కమాన్ కట్టలు సాగదీయడం, రేడియేటరు అతుకులు వంటి పనులన్నీ నడిచి వెళ్లగల దూరంలో దొరుకుతాయి. పాత కారుకు కావాల్సినవి కూడా ఇవే. అరిగిన సిలిండరుకు స్లీవు వేసి అసలు కొలతకు తేవచ్చు. పిస్టన్ దొరకనప్పుడు అదే వ్యాసం, పిన్ను ఎత్తు ఉన్న మరో బండి పిస్టన్‌ను వెతికి సరిచేయవచ్చు.

పళ్లచక్రాన్ని నకలు తీయడానికీ లెక్క ఉంది. పళ్ల సంఖ్యకు రెండు కలిపి, చక్రం వెలుపలి వ్యాసంతో భాగిస్తే అంగుళాల పద్ధతిలో దాని పిచ్ తెలుస్తుంది. ముప్పై పళ్లు, నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న సాధారణ నిటారు పళ్ల చక్రానికి అది ఎనిమిది. వాలు పళ్లకైతే కోణాన్ని కూడా పట్టుకోవాలి. ఆపై సరైన ఉక్కును ఎంచుకుని, పంటిపై పొర మాత్రమే గట్టిపడేలా కాల్చాలి. ఆకారం సరిగా ఉండి కాలుపు తప్పితే పళ్లు త్వరలోనే రాలిపోతాయి. లోపలి దాకా గట్టిపడితే పెళుసై విరుగుతాయి.

అంతరించిపోతున్న విద్యకు వైట్ మెటల్ బేరింగులు ఉదాహరణ. పాత ఇంజన్లలో నేటిలా తీసి వేసే షెల్ బేరింగులు ఉండేవి కావు. తగరం ప్రధానంగా, యాంటిమొనీ, రాగి కలిపిన మెత్తని లోహాన్ని కనెక్టింగ్ రాడ్డులోనే కరిగించి పోసేవారు. ముందుగా రాడ్డుకు కళాయి పట్టించాలి. సరైన వేడిలో పోయాలి. బోరు కొట్టాక నీలి రంగు పూసి, క్రాంకును తిప్పి, రంగు అంటిన చోట్ల చేతి స్క్రేపరుతో గీకుతూ సరిచేయాలి. పుస్తకం చదివి వచ్చే పని కాదిది. ఈ విద్య తెలిసిన పెద్దతరం మేస్త్రీలు తగ్గిపోతున్నారు. కంప్యూటర్ మిషన్లపై పని నేర్చుకున్న యువకులకు దీని అవసరం రావడం లేదు. ఒక మేస్త్రీ పని మానేస్తే కొలిమితో పాటు ఆయన చేతి అంచనా కూడా చల్లారిపోతుంది.

కొత్త యంత్రం.. పాత ముక్క

అయితే సాంకేతిక పరిజ్ఞానం ఈ రంగానికి కొత్త ఊపిరి పోస్తోంది. అమెరికా టీవీ వ్యాఖ్యాత, పాత కార్ల సేకర్త జే లెనో 1907 నాటి వైట్ ఆవిరి కారులో పాడైన ఒక భాగాన్ని 3డీ స్కానరుతో కొలిచి, ప్రింటరుపై ప్లాస్టిక్ నమూనా తీసిన ఉదంతం 2009లోనే వెలుగు చూసింది. ఆ నమూనా ఆధారంగా లోహపు భాగం తయారీకి మార్గం ఏర్పడింది. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 292 మాత్రమే తయారైన తన 959 మోడల్ క్లచ్ లీవరును నేరుగా లోహపు పొడి నుంచి ముద్రిస్తున్నట్టు 2018లో ప్రకటించింది. వెయ్యి చేస్తే తప్ప గిట్టుబాటు కాని భాగాన్ని ఒక్కటి కూడా చేయించుకోగల వీలు ఈ పద్ధతితో వచ్చింది.

తెలుగు నేలపైనా ఇందుకు వసతులున్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ పనిచేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన నమూనాల తయారీ కేంద్రం టి-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. స్కానింగ్, 3డీ ముద్రణ, లోహపు పని ఒకే కప్పు కింద చేసే ఇలాంటి కేంద్రాలకు, ఆటోనగర్ పోత కొలిమిలకు మధ్య వంతెన ఏర్పడాల్సి ఉంది. ప్లాస్టిక్ నమూనా ముద్రించడం యంత్రం పని. దానిని ఇసుకలో అద్ది, లోహం పోసి, లేత్‌పై చెక్కడం మేస్త్రీ పని. ఒకరు లేకుండా మరొకరి పని పూర్తికాదు.

స్కానరు సర్వరోగ నివారిణి కాదన్నదీ గమనించాలి. అది అరిగిన ముక్కను అరిగినట్టే కొలుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు ఆ ముక్క కొలత ఎంతో చెప్పలేదు. లోహమేమిటో, దాని కాలుపు ఎంతో అసలే చెప్పలేదు. అరగని చోటును చూసి అరిగిన చోటును అంచనా కట్టాల్సింది మనిషే.

అసలా? నకలా?

కొత్తగా చేసిన భాగాలు బిగిస్తే కారు అసలుదేనా అన్న చర్చ ప్రపంచమంతటా సాగుతోంది. బ్రిటన్‌లో 1988లో ఎంజీబీ కారుకు పూర్తి బాడీని పాత అచ్చులతోనే తిరిగి తయారుచేయడం మొదలైంది. తుప్పు పట్టిన ఎన్నో కార్లు దీంతో తిరిగి రోడ్డెక్కాయి. చెక్కుచెదరని అచ్చులు దొరకడమే ఆ విజయానికి మూలం. అదే సమయంలో, బాడీ మొత్తం కొత్తదైతే మిగిలిన పాతదనం ఎంత అన్న ప్రశ్నా తలెత్తింది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ దీనికి ఒక దారి చూపింది. వీలైనంత వరకు ఉన్నదానిని కాపాడాలి. తప్పనిసరైతేనే మార్చాలి. మార్చిన భాగాన్ని గుర్తించే వీలుండాలి. చేసిన పనిని రాసి ఉంచాలి. ఈ నాలుగు సూత్రాలు మన యజమానులకూ శిరోధార్యమే. దేశంలో 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ ర్యాలీ వంటి పోటీల్లో కూడా అసలుదనానికే విలువ. 1920ల మధ్యనాటి కారుకు తళతళలాడే క్రోమియం పూత పూయిస్తే చూపరులు మెచ్చుకోవచ్చు గానీ, ఆ రోజుల్లో ఉన్నది నికెల్ పూత అని తెలిసినవారు మెచ్చరు.

2021 నిబంధనలు ఇంజన్, ఛాసిస్, బాడీలో మార్పు కూడదంటున్నాయి. పాతదాని కొలతలతో, పాతదాని లోహంతో చేసిన భాగం మార్పు కాదు, మరమ్మతు. అయితే తనిఖీ చేసే కమిటీకి ఆ తేడా కనిపించాలంటే ఫొటోలు, కొలతల కాగితం, తీసేసిన పాత ముక్క చూపగలగాలి. పాత ముక్కను భద్రపరచడం ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

బ్రేకులు, స్టీరింగ్ విషయంలో మాత్రం మొండిపట్టు తగదు. రూపం ఒకటే అయినా బలం ఒకటి కాకపోతే ప్రాణాలకే ముప్పు. స్టీరింగ్ ఆర్ము, స్టబ్ యాక్సిల్ వంటి భాగాలను పోత పోయించి బిగించడం ప్రమాదకరం. వీటిని కొలిమిలో కాల్చి సాగగొట్టిన ఉక్కుతోనే చేయాలి, పగుళ్ల పరీక్ష జరిపాకే బిగించాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది గనుక అసలుదనం పేరిట దానిని తిరిగి వాడకుండా, ఆస్బెస్టాస్ లేనివి వేయించుకోవడమే క్షేమం.

తుక్కులో కలుస్తున్న నిధి

విడిభాగాల కొరత ఇకపై మరింత పెరిగే సూచనలు కనిపిస్తున్నాయి. కేంద్రం 2021 ఆగస్టులో వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను నిలిపివేశారు. కాలుష్యం, భద్రత దృష్ట్యా ఈ విధానం అవసరమే. కాదనేవారు లేరు. అయితే ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయాల్లో అంబాసిడర్లు, జీపులే అత్యధికం. 1990ల నాటి అంబాసిడర్‌కు వింటేజ్ విలువ లేకపోవచ్చు. కానీ దాని తలుపు అతుకు, బానెట్టు కొక్కెం, వెనుక యాక్సిల్ ముప్పై ఏళ్ల ముందటి బండికి ప్రాణం పోయవచ్చు, లేదా కనీసం నమూనాగా పనికిరావచ్చు. బండిని మొత్తంగా నలిపి ఉక్కు కొలిమికి పంపితే ఆ అవకాశం శాశ్వతంగా మూసుకుపోతుంది.

తుక్కు కేంద్రానికి ఆ ఇనుము విలువ కిలోల్లోనే. పునరుద్ధరణ చేసేవారికి అదే ముక్క విలువ ఒక కారంత. ఈ రెండు విలువల మధ్య ఉన్న అంతరాన్ని గుర్తించే యంత్రాంగం జిల్లాల్లో ఎక్కడా కనిపించదు.

ఏం చేయాలి?

ఇందుకు కోట్లు అవసరం లేదు. ముందుచూపు ఉంటే చాలు. ప్రభుత్వ కార్యాలయాల పాత వాహనాలను తుక్కుకు పంపే ముందు ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్ల భాగాలను విడిగా వేలం వేయవచ్చు. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా ఒక్కో భాగాన్ని కొలిచి బొమ్మ గీయించవచ్చు. అలా పదేళ్లు సాగితే జిల్లాకో నమూనాల భాండాగారం ఏర్పడుతుంది. వైట్ మెటల్, ప్యాటర్న్ పనులు తెలిసిన మేస్త్రీలను అతిథి శిక్షకులుగా పిలిచి వారి విద్యను వీడియోలో భద్రపరచవచ్చు. యజమానులు మోడళ్లవారీగా జట్టు కట్టి ఒకేసారి ఆర్డరిస్తే ఆటోనగర్ కొలిమిలకూ గిట్టుబాటవుతుంది.

ముక్క చేయించే ముందు..

* విరిగినా, అరిగినా పాత ముక్కను పారేయవద్దు. పని పూర్తయ్యాక కూడా చీటీ కట్టి దాచాలి.
* బండి విప్పేటప్పుడే ప్రతి దశలో ఫొటో తీయాలి. బోల్టులను ఏ చోటివి ఆ చోటికి వేరు సంచుల్లో వేయాలి.
* మర కోణం, చుట్ల లెక్క గేజితో చూడకుండా ట్యాప్ దింపనివ్వరాదు.
* పోత భాగానికి కుదింపు, చెక్కుడు మందం లెక్కలోకి తీసుకున్నారో లేదో అడిగి తెలుసుకోవాలి.
* చేయించిన భాగంపై కనిపించని చోట తయారైన సంవత్సరం కొట్టించాలి.
* బ్రేకు, స్టీరింగ్ భాగాలను పరీక్ష లేకుండా బిగించరాదు.
* పాత ఇంజన్, ఛాసిస్ కొంటే నంబరు చూసి రశీదు తీసుకోవాలి.

ఊరి చివర షెడ్డులో దుమ్ము పట్టిన కారును చూసి ‘ఇక దేనికీ పనికిరాదు’ అనుకోవడం తేలిక. అందులోని ఒక్కో ముక్క మరో బండికి కొలతబద్ద కాగలదన్న సంగతి గ్రహిస్తే, ఇనుము కొట్టుకు తరలించే ముందు యజమాని ఒక్క క్షణమైనా ఆగుతాడు. కొలిచి బొమ్మ గీసి ఉంచిన ముక్కను ఎప్పుడైనా తిరిగి చేసుకోవచ్చు. కొలవకముందే కొలిమికి చేరిన ముక్కను తిరిగి తేవడం మాత్రం ఎవరి తరమూ కాదు.